కాలేజీ ఫెస్ట్‌లో ప్రమాదం ఎక్కడ మొదలవుతుంది? గేటు, లెక్క, ఆపగలిగే మనిషి

2023 నవంబరు 25, శనివారం సాయంత్రం. కొచ్చిన్ సైన్స్ అండ్ టెక్నాలజీ యూనివర్సిటీలో టెక్ ఫెస్ట్ జరుగుతోంది. ఓపెన్ ఎయిర్ ఆడిటోరియంలో పాటల కచేరీ మొదలవబోతోంది. లోపలికి బ్యాచ్‌లవారీగా పంపుతున్నారు. బయట చాలామంది నిలబడి ఉన్నారు. అప్పుడు వాన మొదలైంది. బయటున్నవాళ్లు తడవకుండా ఒక్కసారిగా గేటువైపు నెట్టుకొచ్చారు. గేటు దాటగానే కిందికి దిగే నిటారు మెట్లు. ముందున్నవాళ్లు పడిపోయారు, వెనకనుంచి వచ్చేవాళ్లకు అది కనబడలేదు. నలుగురు చనిపోయారు, అరవై మందికి పైగా గాయపడ్డారు.

ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ "ఈ కాలం పిల్లలకు క్రమశిక్షణ లేదు" అనే మాట వినిపిస్తుంది. ఆ సాయంత్రం తోపులాటకు కారణం గొడవ కాదు, తాగుడు కాదు, వాన. వాన వస్తే ఏ వయసువాళ్లయినా నీడకే పరుగెత్తుతారు. ఎంతమంది వస్తారు, వాళ్లు ఎంత వెడల్పు దారిలో కదులుతారు, పరిస్థితి మారితే ఆపే అధికారం ఎవరిది అన్న మూడు విషయాలు ముందే కాగితం మీద తేలాలి. ఫెస్టులు, ఫ్రెషర్స్ డే, ఫేర్‌వెల్, డీజే నైట్ నడిపే విద్యార్థి కమిటీలూ, వాళ్ల వెనక నిలబడే ఫ్యాకల్టీ కోఆర్డినేటర్లూ పోస్టరు డిజైన్ కంటే ముందు కూర్చోవాల్సింది ఈ లెక్కల దగ్గరే.

గ్రౌండ్‌లో ఎంతమంది పడతారు

టేపు పట్టుకుని గ్రౌండ్‌కి వెళ్లండి. స్టేజి ముందు 40 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు ఖాళీ ఉందనుకుందాం. అంటే 1,200 చదరపు మీటర్లు. ఇందులోంచి సౌండ్ కన్సోల్ పెట్టే చోటు, స్టేజికీ బారికేడ్‌కీ మధ్య వదిలే ఖాళీ, అంబులెన్స్ దారి, ఫుడ్ స్టాళ్ల ముందు నిలబడే జనం, చెట్ల మొదళ్లు, గుంతలు తీసేయాలి. కనీసం పావు వంతు పోతుంది. మిగిలింది 900.

చదరపు మీటరుకు నలుగురు నిలబడితే ఇరుకుగానే ఉంటుంది, అయినా మనిషి తన అడుగు తాను వేయగలడు. ఐదుగురు దాటితే ప్రమాదం మొదలైనట్టే. ఆరేడుగురు అయ్యాక ఎవరి కదలికా వాళ్ల చేతిలో ఉండదు. వెనక పుట్టిన చిన్న తోపు అలలా ముందుదాకా పాకుతుంది, ఛాతీ మీద ఒత్తిడికి ఊపిరి ఆడదు. తొక్కిసలాట అంటాం కానీ చాలా మరణాలకు కారణం కాళ్ల కింద పడటం కాదు, నిలబడినచోటే ఊపిరాడకపోవడం. అందుకే అరుపులు కూడా పెద్దగా వినబడవు.

అలాగని 900ని నాలుగుతో గుణించి 3,600 మందిని పిలవకూడదు. జనం సమంగా పరుచుకోరు. స్టేజి ముందు నలుగురైదుగురు కుక్కుకుంటారు, వెనక సగం గ్రౌండ్ ఖాళీగా ఉంటుంది. అందుకని చదరపు మీటరుకు ఇద్దరి చొప్పున లెక్క వేయాలి. ఈ గ్రౌండ్ సామర్థ్యం 1,800. పాసులు, వాలంటీర్లు, ఫ్యాకల్టీ, గెస్టులు, స్టాళ్లవాళ్లు అందరూ ఆ 1,800లోనే. కమిటీలో ఎక్కువగా జరిగే పొరపాటు, పాసుల సంఖ్యనే హాజరు అనుకోవడం.

ఇప్పుడు గేటు. చదునైన నేల మీద మీటరు వెడల్పు దారిలోంచి నిమిషానికి సుమారు 82 మంది, మెట్ల మీదైతే సుమారు 66 మంది బయటికి వెళ్లగలరని స్టేడియాల భద్రతకు బ్రిటన్‌లో ఒక లెక్క వాడతారు. మన కాలేజీ గ్రౌండ్లకు చాలాచోట్ల ఉండేది 1.2 మీటర్ల చిన్న గేటు. పెద్ద గేటు ఉన్నా దానికి తాళం వేసి చిన్న తలుపు ఒక్కటే తెరుస్తారు. ఆ తలుపులోంచి నిమిషానికి 98 మంది. 1,800 మంది బయటపడటానికి 18 నిమిషాలకు పైనే పడుతుంది. మూడేసి మీటర్ల గేట్లు రెండు తెరిస్తే నాలుగు నిమిషాల లోపే గ్రౌండ్ ఖాళీ అవుతుంది. ఎనిమిది నిమిషాలకు మించి పట్టే చోట కార్యక్రమం పెట్టకపోవడమే మేలు. లెక్క వేసేటప్పుడు అన్నిటికంటే పెద్ద గేటు మూసుకుపోయిందని అనుకుని వేయండి. మంట అటువైపే రావచ్చు, వాటర్ ట్యాంకర్ అక్కడే ఆగిపోవచ్చు.

తాళాల సంగతి కొంచెం గట్టిగానే చెప్పాలి. బ్రెజిల్‌లోని సాంతా మరియాలో 2013 జనవరి 27న యూనివర్సిటీ విద్యార్థులు కిస్ అనే నైట్‌క్లబ్‌లో పార్టీ చేసుకున్నారు. బ్యాండ్ వాళ్లు లోపల వెలిగించిన బాణసంచా నిప్పురవ్వ పైకప్పుకు అంటించిన ఫోమ్‌కు తగిలింది. విషపు పొగ క్షణాల్లో నిండింది. బయటికి దారి ఒక్కటే. బిల్లు కట్టకుండా పారిపోతున్నారనుకుని సెక్యూరిటీ వాళ్లు మొదట ఆ దారికి అడ్డు నిలబడ్డారు. 242 మంది చనిపోయారు. మన ఆడిటోరియాల్లో కూడా పాసు లేనివాళ్లు దూరకుండా పక్క తలుపులకు గొలుసులు వేస్తుంటారు. గొలుసు తీసి, తలుపుకు ఒక వాలంటీరును నిలబెట్టండి. ఇక ఆడిటోరియం లోపల స్పార్కులర్లు, కోల్డ్ పైరో, పేపర్ బ్లాస్ట్‌కు తోడుగా పెట్టే స్మోక్ షాట్లు ఏవీ వద్దు. "కోల్డ్" అన్న పేరు చూసి మోసపోవద్దు, దాన్నుంచి వచ్చేవి కూడా నిప్పురవ్వలే.

లోపలికి రావడమే అసలు కష్టం

నిర్వాహకుల ధ్యాసంతా స్టేజి మీద ఉంటుంది. ప్రమాదాలు తరచుగా గేటు బయట పుడతాయి. ఒక లైనులో క్యూఆర్ స్కాన్ చేసి, బ్యాగు చూసి, చేతికి బ్యాండు వేసి పంపితే నిమిషానికి ఎనిమిది నుంచి పది మందే వెళ్లగలరు. 1,800 మందికి ఒకే లైను పెడితే మూడు గంటలు. ఆరు లైన్లు పెడితే అరగంట. పైగా సగానికి సగం మంది హెడ్‌లైనర్ (ప్రధాన ఆర్టిస్టు) వచ్చే ముందు అరగంటలోనే వస్తారు. అప్పుడు క్యూ పెరిగి, లోపలినుంచి పాట వినబడి, వెనకవాళ్లు "మొదలైపోయింది" అని తోస్తారు. దీనికి మందు రెండు రకాలుగా ఉంది. గేట్లు రెండు గంటల ముందే తెరవాలి. లోపల విద్యార్థుల బ్యాండుతోనో డ్యాన్స్ టీముతోనో ముందే ఏదో ఒకటి నడుస్తూ ఉండాలి, అప్పుడు తొందరగా రావడానికి వాళ్లకొక కారణం ఉంటుంది.

క్యూఆర్ స్క్రీన్‌షాట్లు వాట్సాప్‌లో తిరుగుతాయి. ఒకే కోడ్‌తో ఇరవై మంది వస్తారు. స్కానింగ్ యాప్ మొదటి స్కాన్ తర్వాత కోడ్‌ను రద్దు చేసేదై ఉండాలి, అన్ని గేట్ల ఫోన్లూ ఒకే జాబితాతో కలిసి ఉండాలి. నెట్ పోతే ఇది పనిచేయదు. వేలమంది ఒకచోట చేరాక మొబైల్ డేటా ఎలాగూ పోతుంది కాబట్టి గేటు దగ్గర కాలేజీ వైఫై కానీ ప్రింటు తీసిన జాబితా కానీ ఉండి తీరాలి. ఇంతకంటే తేలికైన పద్ధతి, రెండు రోజుల ముందే ఐడీ కార్డు చూసి డిపార్ట్‌మెంట్‌లోనే బ్యాండులు పంచేయడం. గేటు దగ్గర పని సగానికి తగ్గుతుంది.

మన తెలుగు రాష్ట్రాల్లో దీనికి తోడయ్యే సంగతి ఒకటుంది. విడుదలకు ముందు సినిమా యూనిట్లు కాలేజీలకు వస్తాయి. ఫెస్ట్ కమిటీకి ఖర్చు లేకుండా పెద్ద పేరు దొరుకుతుంది, యూనిట్‌కు రీల్స్ దొరుకుతాయి. కానీ హీరో వస్తున్నాడన్న మాట బయటికి పొక్కితే మీ 1,800 లెక్క గల్లంతవుతుంది. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోని సంధ్య థియేటర్ దగ్గర హీరో వచ్చిన సమయంలో జరిగిన తోపులాటలో ఒక మహిళ చనిపోయింది. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం గేట్ల దగ్గర, క్రికెట్ జట్టు విజయోత్సవానికి వచ్చిన జనం తోపులాటలో 11 మంది చనిపోయారు. ఉచిత ప్రవేశం అన్న కబురు సోషల్ మీడియాలో పాకడమూ, ఏ గేటు ఎప్పుడు తెరుస్తారో తెలియకపోవడమూ అక్కడ కలిశాయి. సెలబ్రిటీని పిలిస్తే రాక సమయాన్ని ప్రకటించకండి. జనం వాడే గేటు కాక వేరే గేటునుంచి, వీలైతే జనం రాకముందే, లోపలికి తీసుకురండి. కారు సన్‌రూఫ్ లోంచి చేతులూపుకుంటూ రావడం, స్టేజి దిగి జనంలో నడవడం ఉండవని యూనిట్ మేనేజరుతో ముందే రాతపూర్వకంగా ఒప్పించండి. ఒప్పుకోకపోతే ఆ యూనిట్ లేకుండా ఫెస్ట్ జరుపుకోవచ్చు.

కరెంటు, గాలి, వాన

62.5 కేవీఏ జనరేటర్ అంటే వాడుకోగలిగేది సుమారు 50 కిలోవాట్లు. దాని మీద 35కి మించి లోడు పెట్టకండి. సౌండ్, లైట్లు, ఎల్ఈడీ వాల్ తెచ్చేవాళ్లందరి దగ్గరా గరిష్ఠ లోడు కాగితం మీద తీసుకుని కూడండి. "ఏం పర్లేదన్నా, సరిపోద్ది" అన్న మాట లెక్క కాదు.

ఎక్కువమంది పట్టించుకోని లోపం ఇంకొకటుంది. సౌండూ లైట్లూ ఒకే జనరేటర్ మీద ఉంటే అది ట్రిప్ అయిన క్షణంలో చీకటి పడుతుంది, మైకూ పోతుంది. జనాన్ని ఊరుకోబెట్టడానికి మైకు కావాల్సింది సరిగ్గా అప్పుడే. గేట్లదాకా వెళ్లే దారి లైట్లు కాలేజీ సొంత లైను మీద ఉంచండి, స్టేజి మీద ఒకటి, సౌండ్ కన్సోల్ దగ్గర ఒకటి బ్యాటరీ మెగాఫోన్లు పెట్టండి. ప్రతి డిస్ట్రిబ్యూషన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి), స్టేజి ఇనుప చట్రానికి ఎర్తింగ్, మనుషులు నడిచేచోట కేబుళ్ల మీద ర్యాంపులు ఉండాలి. ఇన్సులేషన్ టేపు చుట్టి గడ్డి మీద పడేసిన జాయింటు కనబడితే ఆ కనెక్షన్ తీయించేయండి. రాత్రి మంచు తడికే అది షాక్ కొడుతుంది, వాన దాకా అక్కర్లేదు.

స్పాన్సర్ ఫ్లెక్సీలను స్టేజి చట్రానికి కట్టడం అలవాటైపోయింది. గాలి వస్తే ఆ ఫ్లెక్సీ తెరచాపలా లాగి చట్రాన్ని పడేస్తుంది. వాటిని విడిగా, తక్కువ ఎత్తులో, గాలి పోయేలా కోతలు పెట్టి కట్టాలి. కరెంటు తీగల దగ్గర ఫ్లెక్సీలు కడుతూ చనిపోయినవాళ్ల వార్తలు రెండు రాష్ట్రాల్లోనూ చదువుతూనే ఉన్నాం. ఆ పని విద్యార్థులతో చేయించవద్దు.

వాన వస్తే ఏం చేయాలో రెండు రోజుల ముందే తేల్చాలి. వాయిదానా, లోపలి ఆడిటోరియమా? ఆడిటోరియంలో 700 సీట్లుంటే 1,800 మందిని అటు మళ్లించడం అంటే కొచ్చిలో జరిగినదాన్ని చేతులారా తెచ్చుకోవడం. అలాంటప్పుడు వాయిదా ఒక్కటే దారి.

"ఆపేయండి" అనే హక్కు

ఏం చేయాలో తెలిసీ ఎవరూ నోరు విప్పక జరిగే నష్టమే ఎక్కువ. సింగర్‌కు అడ్వాన్స్ ఇచ్చేశాం, చీఫ్ గెస్ట్ కూర్చుని ఉన్నారు, ఛైర్మన్ గారు ఏమంటారో అన్న భయంతో రెండో సంవత్సరం వాలంటీరు తన కళ్లముందు బారికేడ్ వంగుతున్నా ఫోన్ చేసి ఎవరినో అడుగుతూ ఉంటాడు.

అందుకని ముగ్గురి పేర్లు రాతపూర్వకంగా ప్రకటించాలి: ఒక ఫ్యాకల్టీ, ఒక విద్యార్థి, ఒక సెక్యూరిటీ ఇన్‌ఛార్జి. ఈ ముగ్గురిలో ఎవరైనా ఒక్కరు చెయ్యెత్తి సైగ చేస్తే సౌండ్ ఇంజనీర్ పాట ఆపాలి, లైట్లు జనం మీద వెలగాలి. కారణం తర్వాత అడగవచ్చు. ఆర్టిస్టుతో చేసుకునే ఒప్పందంలో, భద్రత కోసం ఆపితే పరిహారం ఉండదన్న వాక్యం ఉండాలి. ఈ ముగ్గురికీ ఆ రోజు వేరే పని అప్పగించకూడదు. బొకేలు ఇవ్వడం, గెస్టులకు భోజనం చూడటం లాంటివి అసలే వద్దు.

యాంకర్ చేతి కార్డు మీద ఈ మాటలు ముందే రాసి అతికించండి: "ఫ్రెండ్స్, రెండు నిమిషాలు పాట ఆపుతున్నాం. ముందున్నవాళ్లు ఉన్నచోటే ఉండండి. చివర ఉన్నవాళ్లు మొదట మూడడుగులు వెనక్కి వేయండి. తర్వాత మధ్యలో ఉన్నవాళ్లు." చివరివాళ్లతో మొదలుపెట్టడమే ఇందులో కీలకం. "అందరూ వెనక్కి జరగండి" అంటే ముందువాళ్లు జరగలేరు, వెనకవాళ్లు అది తమకు కాదనుకుంటారు. ఎవరైనా పడిపోతే పేరు పెట్టి గోల చేయకుండా "నీలం చొక్కా దగ్గర ఖాళీ ఇవ్వండి" అని చోటు చెప్పాలి. తొక్కిసలాట అన్న మాట మైకులో రాకూడదు.

అంబులెన్స్ గేటు బయట రోడ్డు మీద కాదు, లోపల, స్టేజి పక్కన, మూతి బయటికి తిప్పి ఉండాలి. దాని దారిలో గెస్టుల కార్లు పార్క్ చేయకుండా ఇద్దరు వాలంటీర్లు చివరిదాకా నిలబడాలి.

మందు గురించి ముసుగులేని మాట

తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ మద్యం తాగడానికి కనీస వయసు 21. బీటెక్, డిగ్రీ పిల్లల్లో ఎక్కువమంది దానికి లోపే. క్యాంపస్‌లో మందు ఉండకూడదన్నదాంట్లో చర్చ లేదు. కానీ గేటు దగ్గర బ్యాగులు వెతికినంతలో పని అయిపోదు. తాగేవాళ్లు రూములోనో బయటో తాగే వస్తారు.

అలా వచ్చినవాణ్ని గేటులోంచి వెనక్కి పంపేస్తే వాడు బైకెక్కుతాడు. దానికంటే పక్కన కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, స్నేహితుణ్ని పిలిపించి, బస్సులో పంపడం మంచిది. స్పృహ తప్పితే వెల్లకిలా పడుకోబెట్టకూడదు. పక్కకు తిప్పి, పై కాలు మడిచి, నోరు కిందికి ఉండేలా పడుకోబెట్టాలి. వాంతి గొంతులో అడ్డుపడి చనిపోయే ప్రమాదం వెల్లకిలా ఉన్నప్పుడే. పిలిస్తే పలకకపోయినా, ఊపిరి మరీ నెమ్మదించినా, ఒళ్లు చల్లబడినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. మజ్జిగ, నిమ్మరసం పట్టించడం, చన్నీళ్లు పోయడం వద్దు.

స్నేహితులు ఫోన్ ఎందుకు చేయరో అందరికీ తెలుసు. సస్పెన్షన్ భయం. హాస్టల్ గదిలో దుప్పటి కప్పి పడుకోబెట్టి తలుపేస్తారు. సహాయం కోసం పిలిచినవాళ్ల మీదా, పిలిపించుకున్నవాడి మీదా తాగినందుకు చర్య ఉండదని ప్రిన్సిపల్ సంతకంతో ఫెస్టుకు ముందే ప్రకటించడం సరైన పని. ఇది తాగుడును ప్రోత్సహిస్తుందన్న వాదన వస్తుంది. ఒక ప్రాణం పోయాక వేసే క్రమశిక్షణ కమిటీతో పోలిస్తే ఆ వాదన నిలవదు. డ్రగ్స్ అమ్మేవాళ్ల సంగతి వేరు. వాళ్ల సమాచారం తెలంగాణలో 1908కి, ఆంధ్రప్రదేశ్‌లో 1972కి చెప్పవచ్చు.

అమ్మాయిలు, ఫ్రెషర్లు

అమ్మాయిలకు తాళ్లు కట్టి వేరే బాక్స్ ఇవ్వడంతో బాధ్యత తీరిందనుకునే కమిటీలు చాలా ఉన్నాయి. వాళ్లు నీళ్లకో, టాయిలెట్‌కో వెళ్లాలంటే ఆ బాక్స్ దాటి జనంలోంచే కదా వెళ్లాలి. టాయిలెట్‌కు వెళ్లే దారిలో వెలుగు, ఆ దారి పొడవునా జంటలుగా వాలంటీర్లు, లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత ఫిర్యాదుల కమిటీ సభ్యురాలు ఒకరు కూర్చునే బల్ల, ఆ బల్ల ఎక్కడుందో ప్రతి చేతి బ్యాండు మీదా రాయడం. ఇవి ఎక్కువ పనికొస్తాయి. ఫిర్యాదు వస్తే "ఫెస్ట్ అయ్యాక చూద్దాం" అనకూడదు. బయటివాడైతే అరగంటలో వెళ్లిపోతాడు.

ఫ్రెషర్స్ పార్టీలో ప్రమాదం ఇంకో రూపంలో ఉంటుంది. చీటీ తీసి పేరు పిలిచి స్టేజి మీదికి రమ్మని, టాస్క్ ఇచ్చి, 800 మంది అరుస్తుంటే ఆ పిల్లో పిల్లవాడో కాదనలేరు. కాదనలేని చోట సరదా ఉండదు. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 1997 నాటి ర్యాగింగ్ నిషేధ చట్టం ప్రకారం ఏడిపించడం, అవమానించడం కూడా నేరమే. ఆరు నెలలతో మొదలై, ప్రాణం పోయిన కేసుల్లో పదేళ్ల దాకా శిక్ష ఉంది. స్టేజి ఎక్కదలచినవాళ్ల పేర్లు ముందే వాళ్లంతట వాళ్లే ఇవ్వాలి, టాస్కుల జాబితా యాంటీ ర్యాగింగ్ కమిటీ చూడాలి, జంటలు కట్టించే టాస్కులు జాబితాలో ఉండకూడదు. యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522ను స్టేజి తెర మీద చూపించండి.

అసలు గొడవ చాలాసార్లు ఆఫ్టర్ పార్టీలో జరుగుతుంది, ఊరి చివర ఫాంహౌస్‌లో, లైఫ్‌గార్డ్ లేని స్విమ్మింగ్ పూల్ పక్కన. కాలేజీకి సంబంధం లేదని యాజమాన్యం అంటుంది, కానీ పిల్లలు అక్కడికి వెళ్లేది కాలేజీ కార్యక్రమం నుంచే. నీళ్ల దగ్గర రాత్రిపూట కార్యక్రమం పెట్టుకోకూడదన్నది తిరుగులేని నియమంగా ఉండాలి. 2014 జూన్ 8న హిమాచల్‌లోని బియాస్ నదిలో డ్యామ్ నీళ్లు వదిలినప్పుడు హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. అది చీకటి పడకముందే, తోడు మనుషులు ఉండగానే.

టైము, తిండి, కాగితాలు

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు పనికిరావు. వాడే సమయానికి కూడా రాతపూర్వక అనుమతి కావాలి. పోలీస్ స్టేషన్‌లో దరఖాస్తు మూడు వారాల ముందే ఇవ్వండి. దానికి గ్రౌండ్ ప్లాను, గేట్ల వెడల్పులు, హాజరు అంచనా జతచేస్తే పోలీసులు అడిగే ప్రశ్నలు సగం తగ్గుతాయి. 10 దాకా అనుమతి ఉందని 10 దాకా లాగవద్దు. చివరి పాట 9కి ముగియాలి, మొదటి బస్సు 9.15కి కదలాలి. అందరూ ఒకేసారి గేటుకు రాకుండా చివరి అరగంటలో నెమ్మదైన పాటలు పెట్టి, ఫుడ్ స్టాళ్లు ఇంకో ముప్పావుగంట తెరిచి ఉంచితే జనం దఫాలుగా కదులుతారు.

మనిషికి మూడు గంటలకు లీటరు నీళ్లు. 1,800 మందికి 20 లీటర్ల క్యాన్లు 90. ఒకే చోట పెడితే అక్కడే తోపులాట, నాలుగు మూలలా పెట్టండి. బిర్యానీ మధ్యాహ్నం వండి రాత్రి వడ్డిస్తే మర్నాడు హాస్టల్ మొత్తం మంచమెక్కుతుంది. వేడి పదార్థం 60 డిగ్రీల పైన ఉండాలి, లేదా వండిన రెండు గంటల్లో వడ్డించేయాలి.

మర్నాడు ఉదయం, అందరికీ ఇంకా గుర్తుండగానే, కమిటీ ఒక గంట కూర్చుని రాసి పెట్టాల్సినవి కొన్నున్నాయి. ఏ గేటు దగ్గర ఎన్ని గంటలకు క్యూ ఎంత పెరిగింది, జనరేటర్ మీద అసలు లోడు ఎంత, ఫస్ట్ ఎయిడ్‌కు ఎంతమంది ఏ బాధతో వచ్చారు, ఎక్కడ పాట ఆపాల్సి వచ్చింది, చివరి బస్సు ఎప్పుడు వెళ్లింది. ఫైనల్ ఇయర్ వాళ్లు మేలో వెళ్లిపోతారు, వాళ్ల వాట్సాప్ గ్రూపుతో పాటే ఇదంతా పోతుంది. కాగితం మీద రెండు కాపీలు తీసి ఒకటి స్టూడెంట్ అఫైర్స్ డీన్ ఆఫీసులో, ఇంకొకటి సెక్యూరిటీ ఆఫీసర్ దగ్గర పెట్టండి. వచ్చే ఏడాది అనుమతి దరఖాస్తు తీసుకునేటప్పుడు ఆ ఫైలు చదివినట్టు కొత్త కమిటీ చేత సంతకం పెట్టించుకోవాలి.